మునసబు మీసానికి మూడో చరణం

తెర వెనక ట్రంకుపెట్టె మీద కూర్చుని నాన్న ముఖానికి రంగు పూసుకుంటున్నాడు, ఆయన నాటకంలో ఏనాడూ వేషం కట్టలేదని హైమవతికి తెలుసు, చనిపోయి చాలా కాలమైందనీ తెలుసు, రెండింటిలో ముందు దేని గురించి అడగాలో తేలక నిలబడి ఉంది. పచ్చటి పొడి ఆయన వేళ్ల నుంచి హార్మోనియం మెట్ల మీద రాలుతోంది. తెర అవతల జనం ఉన్నారు, వాళ్ల ఊపిరికి తెర లోపలికి ఉబ్బి మళ్లీ వెనక్కి పోతోంది.

"ఇప్పుడా రావడం?" అంటాడు సోమలింగం, అద్దంలోంచే. "సాయంత్రం గున్నేశ్వర్రావు నూరేళ్ల పండగట గదా. నువ్వు పాడతావట గదా."

"పాడతానన్నాను నాన్నా. తీరా చూస్తే ఆహ్వాన పత్రికలో 'గున్నేశ్వరరావు గారి మునసబు మీసం' అని వేశారు. నీ పేరు ఎక్కడా లేదు."

"ఎందుకుంటుందే? మీసం పెట్టుకున్నవాడిదే పాట. రాసినవాడు హార్మోనియం వెనకాల చెమట తుడుచుకుంటూ కూచోవాలి."

ఆ నాటకాల కంపెనీలో రంగానికీ రంగానికీ మధ్య హాస్యగాడు గున్నేశ్వరరావు పాడి నవ్వించిన పాటలన్నీ సోమలింగం రాసినవే. మునసబు మీసం పాటకు ఆయన మూడు చరణాలు కట్టాడు. మొదటి దాంట్లో మునసబు తన మీసం మీద నిమ్మకాయ నిలబెడతాడు, రెండో దాంట్లో కలెక్టరు ముందు ఆ మీసం వాలిపోతుంది, అక్కడికి వచ్చేసరికి జనం వన్స్ మోర్ అని అరవడం, గున్నేశ్వరరావు మళ్లీ పల్లవి ఎత్తుకోవడం, ఈలోగా లోపల రాజు కిరీటం సర్దుకుని సిద్ధమవడం, తెర లేవడం. మూడో చరణం ఏ ఊరూ వినలేదు. సభలో పలకాల్సింది కాగితం మీద పలకదని మొండికేసి, నాన్న దాన్ని రాసి పెట్టకుండానే పోయాడు.

"ఆ చరణం నాకివ్వు. ఇవాళ వాళ్లందరి ముందూ పాడతాను."

"పట్టుకో మరి," అని ఆయన హార్మోనియం తిత్తి నొక్కితే రైలు ఊపిరి వదిలినట్టవుతుంది, వాళ్లిప్పుడు తెనాలి ప్లాట్‌ఫారం మీద ఉన్నారు, అయినా తెర అక్కడే ఉంది, ఆయన నోరు తెరవగానే అవతల నుంచి "వన్స్ మోర్" అని కేక లేస్తుంది, ఆయన ఉలిక్కిపడి పల్లవిలోకి వెళ్లిపోతాడు. మళ్లీ తెరుస్తాడు. మళ్లీ కేక. చక్కిలిగింత పెట్టినంతసేపూ ఇంకా ఇంకా అంటారు, గిల్లబోతే చెయ్యి పట్టుకుంటారు అని ఆయన అనలేదు, కానీ ఆమెకు వినిపించింది, ఒళ్లు మండిపోయింది, తెర తోసుకుని అవతలికి వెళ్లింది.

అక్కడ వరసలు వరసలుగా జనం, ఆడవాళ్లతో సహా అందరికీ బంకతో అంటించిన మీసాలు.

"కాస్త నోరు మూసుకుని కూర్చోండి. పాట ఇంకా అవలేదు."

"ఏవమ్మోయ్, నవ్వుకుందావని వొచ్చాం, మధ్యలో నువ్వెవరు?" అంటాడు ముందు వరసలో ఒకడు.

"రాసినాయన కూతుర్ని."

"దీన్ని రాయడం కూడానా? మునసబే అప్పటికప్పుడు అనేస్తున్నాడనుకున్నామే," అంటుంది పక్కావిడ, మీసం ఊడకుండా వేలితో అదుముకుంటూ.

ఆమె చెయ్యి ఎత్తేలోపే వెనక హార్మోనియం మొదలైంది, ఈసారి నాన్న కేకల్ని లెక్క చెయ్యకుండా, కసిగా, పళ్ల మధ్యనుంచి పాడుతున్నాడు:

"మునసబు పోయాడు, మీసం పోలేదు,
మూతి ఒకటి కావాలని ఊళ్లో తిరుగుతోంది,
నవ్వుతున్న బాబూ, నవ్వుతున్న తల్లీ,
నీ మూతి ఓసారి తడిమి చూసుకో."

సభ గప్‌చుప్ అయింది. చేతులు ఒక్కొక్కటిగా ముఖాల వైపు లేస్తున్నాయి.

"చూశావా," అంటున్నాడు నాన్న, హార్మోనియానికి మూత వేస్తూ, "ఒక్కడంటే ఒక్కడు వన్స్ మోర్ అనలేదు." ఆ గొంతులో ఇప్పుడు కోపం లేదు, ఆయన పని అయిపోయింది, పెట్టె ఎత్తుకుంటున్నాడు. ఎవరూ అడగకపోతే ఆయన వెళ్లిపోతాడని ఆమెకు అప్పుడు తట్టింది. ఇంతసేపూ ఎవరి నోళ్లు మూయించాలని చూసిందో వాళ్లే ఇప్పుడు అరిస్తే బావుండును. తనే వన్స్ మోర్ అనబోయింది. ఇంకోసారి ప్రయత్నించింది, ఆ మాట బయటికి వచ్చేసరికి మెలకువ వచ్చింది.

మధ్యాహ్నం ఎండ మంచం దాకా వచ్చింది. వీధిలో మైకు కట్టిన ఆటో సాయంత్రం సభకు రమ్మని చాటుతూ గున్నేశ్వరరావు రికార్డు వేస్తోంది, రెండో చరణం అయిపోగానే పాట మళ్లీ పల్లవికి వచ్చింది. హైమవతి దాన్ని అలాగే మోగనిచ్చి, నాలుగు పాదాలూ లోలోపల చెప్పుకుంది. ఒక్క మాటా జారిపోలేదు. వాటిని ఎవరి ముఖాల మీదికి విసరాలో వాళ్లందరినీ మనసులో ముందు వరసలో కూర్చోబెట్టుకుంటూ, తెలియకుండానే చెయ్యి పైకి పోనిచ్చింది. పడుకోబోయే ముందు తాగిన మజ్జిగ పై పెదవి మీద సన్నటి చారగా ఎండి, వేలికి గరుగ్గా తగిలింది.