మూసిన గళ్లు

జాయిస్ ఇస్త్రీ చేస్తుంటే భర్త బెన్ని మడిచిన కాగితమొకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆ రోజే నందిగామ కాలేజీలో జువాలజీ పోస్టుకి ఆమె డెమో క్లాసు. ప్రిన్సిపాల్ ఆశీర్వాదం గారు తమ చర్చి మనిషి, పిలిచాక వెళ్లకపోతే బాగోదట. వెళ్లి, క్లాసు చెప్పి, చివర్లో ఆ కాగితం ఇచ్చి రావాలట. కుటుంబ కారణాల వల్ల చేరలేనని ఆమె తరఫున తనే రాశాడు. సంతకానికి మాత్రం చోటు వదిలాడు, అంతవరకు దయ.

"ఎక్కడైనా సర్దుకుపోతావు జాయిస్, అదే నీలో గొప్ప" అన్నాడు, వేడి చొక్కా తొడుక్కుంటూ.

మలేరియా జీవి మీద మొదలుపెట్టిన పీహెచ్‌డీ ఆరేళ్ల కిందట మానేసినప్పుడూ ఇదే మెప్పు. చిల్లకల్లులో వాళ్లింట్లో ప్రతి శుక్రవారం పగలు అత్తగారు ఆదెమ్మ ప్రార్థన కూటం. నలభై మందికి టీ కాచి, కొంగు తల మీదికి లాక్కుని, బైబిలు వాక్యంలో వచ్చిన సందేహాన్ని మింగేసి కూర్చోవడం జాయిస్ పని. మా కోడలికి నోట్లో నాలుక లేదని ఆదెమ్మ మురిసిపోతూ చెప్పేది. జాయిస్‌కి ఒళ్లు మండేది. మండుతూనే కప్పులు కడిగేది.

డెమోలో ఆ మలేరియా పరాన్నజీవి గురించే చెప్పింది. ఒక్కటే కణం. దోమ కడుపులో ఒక తీరు, మన నెత్తుట్లో ఇంకో తీరు. జన్యువులు అవే, చోటుని బట్టి కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుంటాయి. తను దూరిన ఎర్రకణం పైరూపు మార్చడానికే దాని దగ్గర అరవై దాకా జన్యువులున్నాయి. ఒకసారికి ఒకటే తెరుస్తుంది. మన ఒళ్లు దాన్ని పసిగట్టేసరికి మరోటి.

కృపావతి అనే అమ్మాయి లేచింది. "మేడమ్, మూసేసినవి వాడకపోతే పోతాయాండి?"

జాయిస్ బోర్డు దగ్గర్నుంచి ఆమె వైపు తిరిగింది.

"పోవమ్మా. మూసుంటాయంతే, ఒక్కటీ చెరిగిపోదు."

బోర్డు నిండిపోయింది. బ్యాగులోంచి కాగితం తీసింది, అదేమిటో తెలిసే తీసింది. వెనక వైపు జన్యువుకొకటి చొప్పున అరవై గళ్లు గీసి, తెరుచుకున్నది ఇదని ఒక్కదాన్ని నింపి, ఉంచుకోమని ఆ పిల్లకిచ్చింది.

"వెనకాల మీ లెటరుందండి మేడమ్."

"నాది కాదమ్మా, నేను రాయలేదు."

ఎప్పుడు చేరతారని వెనక బెంచీలోంచి అడిగిన ఆశీర్వాదం గారికి, సోమవారం నుంచి వస్తానని అందరి ముందే చెప్పింది. బయటికొచ్చి బెన్నికి ఫోన్ చేసింది.

"ఉద్యోగంలో చేరుతున్నా. శుక్రవారం టీ మీరు కాయండి. అత్తయ్యగారి కప్పులో పంచదార వెయ్యకండి."