పోస్టు పెట్టెల దగ్గర ఎన్నిక

ముప్ఫై ఏళ్లు బడి వంటింట్లో గరిటె తిప్పినదాన్ని. ఆరొందల మంది పిల్లల్ని కిక్కురుమనకుండా వరసలో నిలబెట్టినదాన్ని. అలాంటిది బిల్డరు మేనేజరు గ్రేసన్ టటిల్ నాకో లెక్కా?

గొడవంతా మా ఆయన ఓరిన్ వీల్‌చెయిర్ దగ్గర మొదలైంది. పక్షవాతం వచ్చాక ఆయన గడప దాటాలంటే ఇద్దరు మోయాల్సి వచ్చేది. అందుకని వీధిగుమ్మానికి చెక్క ర్యాంపు కట్టించాను. ఆయన తనంతట తానే బయటికొచ్చి, దారినపోయే కుక్కలన్నిటినీ పేరు పెట్టి పలకరిస్తూ కూర్చునేవాడు. నెల తిరక్కుండా అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది: ర్యాంపు కాలనీ అందాన్ని చెడగొడుతోంది, అరవై రోజుల్లో తీసెయ్యండి అని. మా పక్కిల్లే వాళ్ల మోడల్ హౌస్ మరి. కొనడానికొచ్చేవాళ్ల కంట అది పడకూడదట!

అసోసియేషన్ అంటే మేమనుకునేరు. బోర్డులో ముగ్గురూ బిల్డరు దగ్గర జీతగాళ్లే. రెండొందల నలభై ఇళ్లలో సగం అమ్ముడుపోతే అందులో మాకొక కుర్చీ ఇవ్వాలి. మా వీధి చివరింటి ఇవెలీస్, పోర్టోరికో పిల్ల, కోర్టులో గుమాస్తా, కాగితాలన్నీ తిరగేసి వచ్చింది.

"అక్కా, సగం దాటి రెండు నెలలైంది. ఆ టటిల్ నోరు మెదిపాడా చూడు! నువ్వు నిలబడు," అంది.

అడిగేసరికి టటిల్ కాదనలేక ఎన్నిక పెట్టాడు. ఓటు కాగితాలు పోస్టులో పంపుతారు. నలభై ఇళ్లయినా తిప్పి పంపకపోతే ఎన్నిక చెల్లదు.

"ఈ ఎండల్లో మీకెందుకండీ శ్రమ? ఇక్కడెవరికీ ఇవి పట్టవు వెర్లీన్ గారూ," అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

వారం రోజులు ఇంటింటికీ తిరిగాను. బెల్లు కొడితే ఒక్కడూ తలుపు తియ్యడే! లోపల టీవీ మాత్రం మోగుతూనే ఉంటుంది. మా ఫ్లోరిడాలో ముందు గుమ్మం అందానికే. కారుతో సహా గ్యారేజీలోకి దూరి తలుపు దించేసుకుంటే మళ్లీ పొద్దున్నే కనబడటం. వారం తిరిగితే దొరికింది ఆరిళ్లు. కాళ్లు వాచిపోయి సోఫాలో కూలబడ్డాను.

"వాళ్ల గుమ్మాలు పట్టుకుని వేళ్లాడతావెందుకే? పోస్టు కోసం వాళ్లే వస్తారుగా," అన్నాడు ఓరిన్.

నా బుర్రకెందుకు తట్టలేదూ! ఇంటికో పోస్టు పెట్టె ఎందుకు దండగని బిల్డరు అందరి పెట్టెలూ చెరువు పక్కన ఒక్కచోటే పెట్టాడు. ఎంత మొనగాడైనా అక్కడికి రావాల్సిందే. తన గొయ్యి తనే తవ్వుకున్నాడు పాపం.

మర్నాటి నుంచి మడతకుర్చీ, గొడుగు, నేను కాల్చిన పుల్లతీపి నిమ్మకాయ 'పై' పట్టుకుని అక్కడే మకాం. మొదటి రోజే అసలు సంగతి బయటపడింది. జనం పెట్టె తెరవడం, బిల్లులు ఏరుకోవడం, మిగతాదంతా చింపైనా చూడకుండా పక్కనున్న చెత్తడబ్బాలో పారెయ్యడం!

"ఏంటి బాబూ పారేస్తున్నావు?"

"ఏదో ప్రకటనండీ."

"నా మొహం ప్రకటన! అది నీ ఓటు. ఇటు తే. 'పై' ముక్క తిను, పెన్ను పట్టు."

కవరు అక్కడే అంటించి, అక్కడే పోస్టు డబ్బాలో వేయించాను. చెత్తడబ్బాలోంచి ఏరినవి కూడా తుడిచి, ఎవరివి వాళ్లకి ఇచ్చాను. నాలుగోరోజు టటిల్ గోల్ఫు బండిలో దిగాడు.

"ఉమ్మడి స్థలంలో ప్రచారం కూడదండీ."

"ప్రచారం ఎవడు చేశాడు నాయనా? నా పోస్టు కోసం కూర్చున్నా. రాగానే లేచిపోతాను."

పోస్టు కోసం వచ్చిన ఇవెలీస్ పకపకా నవ్వింది. వాడు మొహం మాడ్చుకుని వెళ్లిపోయాడు.

ఎనభై మూడు కవర్లొచ్చాయి. అందులో డెబ్భై ఒకటి నాకే పడ్డాయి.

శనివారం సేల్స్ ఆఫీసులో మొదటి మీటింగు. సోమవారంతో ర్యాంపుకి గడువు తీరిపోతుంది. ఇప్పుడు బోర్డులో వాళ్లిద్దరు, నేనొక్కదాన్ని. లెక్క నాకూ తెలుసు. వెనక ముప్ఫైమంది ఇళ్లవాళ్లు, వాళ్ల ముందు ఓరిన్.

"ర్యాంపు తీసెయ్యాలనేవాళ్లు?" అంటూ టటిల్ చెయ్యెత్తాడు. పక్కనున్న వాళ్ల సేల్స్ అమ్మాయీ ఎత్తింది.

"ఆగండి. దేనికి ఓటేస్తున్నామో ముందు చదవాలిగా," అని లేచి, ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివాను. ఆరొందల మందికి వినబడే గొంతు నాది. కిటికీ దగ్గర ఇళ్ల నమూనాలు చూస్తున్న ఒకావిడ తల తిప్పింది. పక్కన వాకరు పట్టుకుని వాళ్లమ్మ.

"అయితే మేమిక్కడ ఇల్లు కొంటే మా అమ్మకి ర్యాంపు కట్టించుకోకూడదా?" అని అడిగింది.

టటిల్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అబ్బే, మీ అమ్మగారికైతే భేషుగ్గా..."

"అదే మాట మినిట్స్‌లో రాయండి. ఓరిన్ పేరు కూడా రాయండి," అన్నాను.

సేల్స్ అమ్మాయి ముందు చెయ్యి దించేసింది. తర్వాత వాడూ దించాడు. ర్యాంపు ఉంచాలనేవాళ్లు అనగానే మూడు చేతులూ లేచాయి.

ఇన్నాళ్లూ ఎంత భయపడ్డానో అప్పుడే నాకు తెలిసింది. ఓరిన్ అప్పటికే కుర్చీ తలుపు వైపు తిప్పేశాడు.

"ఎక్కడికయ్యా, మీటింగు అవలేదు!"

"నువ్వు కానిచ్చుకునిరా. నేనొక్కణ్ణే ఇంటికెళ్తా," అన్నాడు.

అందరి ముందూ భోరున ఏడ్చేశాను.