పస్తు పెట్టిన నాచు

నాకు ఓపిక తక్కువ, మా అత్తగారికి జాలి ఎక్కువ. ఇద్దరం ఒకే షెడ్డులో నాచు పెంచుతాం.

ఒకవైపు తొట్లు. వాటిలోని నాచు నుంచి నూనె తీసి ఇంధనం చేస్తాం. అది తిండిపోతు. దానికి రోజూ ఎరువు నీళ్లు పోసే పని అత్తగారిది. రెండోవైపు గోడకు, ఒకదానిపైన ఒకటిగా ఐదు గాజు గొట్టాలు. వాటిలో మందుల కంపెనీ అడిగిన ఎర్ర రంగునిచ్చే నాచు. దీని తీరే వేరు. ఎరువు ఆపేసి పెద్ద లైట్ల కింద ఉంచితే, ప్రాణం కాపాడుకోవడానికి ఒళ్లంతా ఎరుపు నింపుకుంటుంది. ఈ సాయంత్రం కంపెనీ పరీక్షకురాలు వస్తోంది. ఎరుపు కనబడకపోతే ఆర్డరు పోతుంది, దాంతోపాటు ఇన్నాళ్లూ నెత్తిన పెట్టుకుని చూసుకున్న షెడ్డూ పోతుంది.

ఉదయం తలుపు తీసి చూశాను. కళ్లెదుటి గొట్టాలు ఇంకా పచ్చగా నిగనిగలాడుతున్నాయి. తల ఎత్తి చూసి అరిచేశాను. నిన్నటిదాకా గోధుమరంగులో ఉన్న పైగొట్టం ఎర్రగా కణకణలాడుతోంది! గంతులేయాలో, కింది నాలుగింటినీ చూసి తల బాదుకోవాలో తెలియలేదు. అదే నాచు, అవే లైట్లు. మరి ఇదేం పక్షపాతం?

అంతలో అత్తగారు చెంబుతో వచ్చారు. నన్ను చూసి చెంబు వెనక్కి దాచారు.

"ఏంటది అత్తయ్యా?"

"ఏం లేదే. తొట్లకి పోయగా కాస్త మిగిలింది."

"వీటికి పోస్తున్నారా? పస్తు పెట్టాలని చెప్పానా లేదా?"

"చెప్పావులే. పక్కవి కడుపునిండా తింటుంటే ఇవి చూస్తూ కూర్చోవాలా? నా మనసు ఒప్పుకోలేదమ్మా."

"మరి పైదానికి?"

"అందలేదు," అన్నారు, తప్పంతా గోడదే అన్నట్టు.

ఒళ్లు మండిపోయింది. ఆ వెంటనే నవ్వూ ఆగలేదు.

సాయంత్రం పరీక్షకురాలు పైగొట్టంలోంచి చుక్క తీసి సూక్ష్మదర్శినిలో చూసింది.

"మిగతావి పచ్చగా ఉన్నాయేం?"

"వాటికి మా అత్తయ్య తిండి పెట్టేశారు." అబద్ధం నోటికి రాలేదు.

ఆమె పకపకా నవ్వింది. "తిన్నవి పచ్చగా, తిననిది ఎర్రగా. ఇంతకంటే రుజువేం కావాలి? రంగు అద్భుతంగా ఉంది. ఆర్డరు మీదే."

ఆమె గుమ్మం దాటగానే అత్తగారిని పట్టుకుని గిర్రున తిప్పేశాను. ఆవిడ తూలుతూనే వెళ్లి అన్నం కలుపుకొచ్చారు.

"పొద్దుట్నుంచి ఏమీ తినలేదు నువ్వు."

"తర్వాత తింటా అత్తయ్యా. ముందు ఈ నాలుగింటి సంగతి..."

"నువ్వు ఎర్రబడక్కర్లేదుగా. తిను."

ముద్ద నోట్లో పెట్టారు. నాకెంత ఆకలిగా ఉందో అప్పుడు తెలిసింది.