చప్పట్లు కొట్టే వరస

ఆ ఆదివారం పుంగనూరులో మా ఇంట్లో నేను, మా అమ్మ రాజమ్మ టీవీ ముందు అన్నం తింటున్నాం. ఏదో సినిమా అవార్డుల ఫంక్షన్ వస్తోంది. ఎవరికో ఎవరో బొమ్మ ఇస్తుంటే మనం అంతసేపు చూడటం దేనికని మదనపల్లెలో నా బడి పిల్లలకు చెబుతుంటాను. కట్టేద్దామని లేచాను. ఎవరో హీరో పేరు పిలిచారు. జనం చప్పట్లు కొట్టడం చూపించారు.

అమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది.

"నిఖిత," అంది.

నిఖిత నా చెల్లెలు. బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తూ పోయినేడు విషజ్వరంతో చనిపోయింది. ఫంక్షన్ ఏమో ఈ ఏటిది. అయినా మూడో వరసలో నవ్వుతూ చప్పట్లు కొడుతున్నది నిఖితే. ఉన్నట్టుండి ఇటు తిరిగింది. ఆ చూపు నేరుగా మా కంచాల మీద పడినట్టయింది.

"ఆ నీలం చీర సూడప్పా. పెట్టెలో పెట్టేటప్పుడు నేనే గదా కట్టింది. మట్టిలో ఉండే చీర ఆడెట్ల ఉండాది?"

ఇంకో బహుమతికి మళ్లీ అదే నవ్వు, అవే చప్పట్లు.

తెల్లారేసరికి అమ్మ సంచి సర్దుకుని కూర్చుంది. "కుప్పం పోయి బెంగళూరు రైలెక్కుదాం. ఆ హాలు యాడుండాదో అడుగుదాం పా."

"సమాధి చేసినప్పుడు నువ్వూ ఆడే ఉంటివి గదమ్మా. చూసినావు గదా."

"సూసినా. నిన్న కూడా సూసినా."

కుప్పందాకా తీసుకెళ్లాను. చెల్లెలితో కలిసి పనిచేసిన లత ఇల్లు అక్కడ స్టేషన్ వెనకే.

రైలెక్కకముందు అక్కడికి వెళ్లాం. విషయం విని లత తల దించుకునే చెప్పింది.

"అప్పుడెప్పుడో ఇట్లాంటి ఫంక్షన్‌కే మేమిద్దరం పోయినామత్తా. మంచి చీర కట్టుకొస్తే చప్పట్లు కొట్టేదానికి కూలి ఇస్తామనిరి. ఫంక్షన్ మొదలు కాకముందే కొట్టమనిరి, నవ్వమనిరి, కండ్లు తుడుసుకోమనిరి. అంతా కెమెరాలో పట్టుకున్నారు. ఇప్పుడు ఎవురికి ప్రైజొచ్చినా అదే అతికిస్తా ఉండారు."

"అప్పుడు స్టేజీ మీద ఎవురుండ్రి?"

"ఎవురూ లేరత్తా. ఖాళీ."

"ఖాళీదాన్ని సూసా నా బిడ్డ అట్ల నవ్వింది?"

స్టేషన్‌లో బెంగళూరు రైలు కూత వేసి వెళ్లిపోయింది. అమ్మ లేవలేదు.

తిరుగు బస్సులో, చానా దూరం వచ్చాక అడిగింది. "మళ్లా అతికిస్తారా?"

"తెలీదమ్మా. అతికించొచ్చు."

బడిలో నేను చెప్పేది ఇప్పటికీ అదే. అయితే ఫంక్షన్ ఉందని తెలిస్తే మాత్రం అమ్మకు ఫోన్ చేస్తాను, వీలైతే పుంగనూరు వెళ్తాను.

నిన్న కూడా వెళ్లాను. బహుమతి తీసుకున్న హీరో కండ్లు తుడుచుకుంటూ మాట్లాడుతున్నాడు. వాళ్ల నాన్న గురించి, గురువు గురించి, అభిమానుల గురించి. అమ్మ తెరకు దగ్గరగా జరిగి అతని భుజం వెనక చీకట్లోకి చూస్తోంది.

"సాల్లేప్పా," అంది అతనితో, మెల్లగా. "కొంచెం పక్కకు జరుగు."