సుడిలో తిరిగిన తెడ్డు

నేను ఒక తెడ్డును. అంతేనా అని పెదవి విరవకండి. గుండ్లరేవు దిగువన కృష్ణలో ఉన్న సుడిగుండాన్ని, టీవీలో లోకమంతా చూస్తుండగా ఓడించిన తెడ్డును నేనే. ధనుంజయ్ అనే సాహసవీరుడు పుట్టిలో నిలబడి నన్ను ఒక్క ఊపు ఊపితే సుడి రెండుగా చీలి దారి ఇచ్చింది. నమ్మకపోతే మీ ఇష్టం. నమ్మినవాళ్లు బస్సు మాట్లాడుకుని మరీ వచ్చి నాకు బొట్టు పెట్టి వెళ్లారు.

నా పుట్టుక అంత గొప్పదేం కాదు. వడ్రంగి నన్ను మంచం పట్టె చేద్దామని మొదలుపెట్టాడు. సగం చెక్కాక వంకర బయటపడింది. పక్క మీద పనికిరాని వంకర నీళ్ల మీద పనికొస్తుందని తెడ్డుగా మార్చి, రేవులో పుట్టి నడిపే సైదులు తండ్రికి ఇచ్చాడు. పుట్టి అంటే తెలుసుగా, వెదురుతో బుట్టలా గుండ్రంగా అల్లి, కింద తారు పూసిన పడవ. ముందూ వెనకా లేనిది. అందులో కూర్చున్నవాడు ఎటు పోతున్నాడో తెడ్డు పట్టినవాడు చెబితేనే తెలుస్తుంది.

తండ్రి తర్వాత సైదులు చేతికి వచ్చాను. మంచి చెయ్యి. నోరే కాస్త తేడా. మొసలి వీపు మీద నిలబడి బీడీ వెలిగించుకున్నానని చెప్పేవాడు. వలలో పడ్డ చేప తనను పేరు పెట్టి పిలిచి బతిమాలిందని చెప్పేవాడు. రేవంతా పడీ పడీ నవ్వేది. ఆయన భార్య గురవమ్మ మాత్రం, మొగుడు పొద్దు పొడిచిందన్నా బయటికి వచ్చి ఆకాశం చూసుకునేది.

అలాంటి రోజుల్లో టీవీవాళ్లు దిగారు. వాళ్ల సీరియల్లో ధనుంజయ్ సాహసాలన్నీ అంతకుముందు స్టూడియోలో తీసినవే. గుడ్డ మీద కొండ, ఫ్యాను గాలి, అట్ట పులి. ఈ ఒక్క భాగం మాత్రం నిజమైన ఏట్లో తియ్యాలని డైరెక్టరు పట్టుబట్టాడు. ధనుంజయ్ వేషం వేసినాయన అందగాడే, నేల మీద ధైర్యవంతుడే. సుడిని చూసేసరికి ఆయన ముఖంలో రంగు మేకప్పుది మాత్రమే మిగిలింది. ఈత రాదట. దాంతో ఆయన చొక్కా, టోపీ సైదులుకి తొడిగారు. పుట్టి ఎక్కేటప్పుడు వెనక నుంచి, సుడిలో తిరిగేటప్పుడు ఆవలి గుట్ట మీద నుంచి తీశారు. ముఖం ఎక్కడా పడనివ్వలేదు.

మరి హీరో? మోకాలి లోతు నీళ్లలో ఇంకో పుట్టిలో కూర్చున్నాడు. ఇద్దరు చెరో పక్కా పట్టుకుని ఊపారు, ఒకడు బక్కెట్టుతో ముఖాన నీళ్లు కొట్టాడు. ఇక్కడ నా గొప్పకి చిన్న సవరణ చేసుకోవాలి. నేను ఆ మోకాలి లోతు పుట్టిలోనే ఉన్నాను, హీరోగారి చేతిలో, తలకిందులుగా. సుడిలోకి వెళ్లింది ఆ ఏడు చేయించిన కొత్త తెడ్డు. అది మధ్యలోనే పుటుక్కున విరిగింది. సైదులు బోర్లా పడుకుని రెండు చేతులతో నీళ్లు తోసుకుంటూ ఎలాగో బయటపడ్డాడు.

ఊరివాళ్లు అడ్డం వస్తారని పై రేవులోనే ఆపేశారు కనుక ఎవరూ చూడలేదు. పోనీ టీవీలో చూస్తారనుకుంటే, పంచాయతీ ఆఫీసు ముందు జనమంతా కూర్చున్నాక, హీరో చొక్కా పుట్టి దగ్గరికి నడుస్తుండగా కరెంటు పోయింది. తిరిగొచ్చేసరికి ధనుంజయ్ ఒడ్డున నిలబడి జుట్టు సర్దుకుంటున్నాడు.

"సుడిలో తిరిగింది నేనేనే గురవా!" అన్నాడు సైదులు.

"ఆహా! మొసలి మీద బీడీ తాగింది గూడా నువ్వే గదా," అంది ఆమె. రేవు మళ్లీ నవ్వింది.

ఈసారి ఆ నవ్వు ఆయనకి గుచ్చుకుంది. మనుషుల లెక్క విచిత్రంగా ఉంటుంది. అన్ని అబద్ధాలు చెప్పినప్పుడు చెక్కుచెదరనివాడు, ఒక్క నిజం చెల్లకపోయేసరికి నలిగిపోయాడు. కల్పనలన్నీ మానేశాడు. మొసలిని వదిలేశాడు, మాట్లాడే చేపని వదిలేశాడు. మిగతావన్నీ మానేస్తే గురవమ్మ ఈ ఒక్కటి నమ్ముతుందని ఆశ. ఊరివాళ్లు సాయంత్రాలు చప్పబడ్డాయని విసుక్కున్నారే గాని, నమ్మలేదు. గురవమ్మ అసలే నమ్మలేదు. ఏళ్లు గడిచాయి, ఇద్దరి జుట్టూ నెరిసింది.

పోయిన మాఘంలో బస్సు వచ్చింది. అందులో వాళ్లంతా ఆ భాగం మీద ప్రాణం పెట్టుకున్నవాళ్లు. వాళ్లలో ఒకరైన హైమవతిగారి తండ్రి ఆ రోజుల్లోనే దాన్ని టేపు మీద రికార్డు చేశాడట. ఆమె దాన్ని ఇప్పుడు నలుగురికీ పంచితే, నలుగురూ ఓ గుంపయ్యారు. పంతులుగా రిటైరైన పూర్ణచంద్రరావుగారు దిగుతూనే చెప్పులు విడిచారు.

"ధనుంజయ్‌కి మేక అడ్డం వచ్చింది ఇక్కడేనండీ! ఆహా, ఏం నటన దానిది!" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "అది కాదమ్మా, గట్టు మీది గడ్డి చూడండి. గాలికి ఒక పక్కకి వాలి, మళ్లీ తలెత్తుతుంది. స్టూడియోలో గడ్డికి ఆ బుద్ధి రాదు. నేను ఆ గడ్డి కోసమే మళ్లీ మళ్లీ చూస్తాను," అన్నారు.

విరిగిన తెడ్డు మరుక్షణంలో హీరో చేతిలో చెక్కుచెదరకుండా కనబడుతుంది కదా, దానికీ వాళ్ల దగ్గర సమాధానం ఉంది. పుట్టి అడుగున ఇంకో తెడ్డు దాచాడట. ప్రేమ అంటే అదీ. సైదులు నన్ను తీసుకొస్తే హైమవతిగారు బొట్టు పెట్టి, గాజుపెట్టెలో పెట్టుకుంటాం ఇవ్వమన్నారు. నేను అప్పుడే గాజులోంచి లోకం ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను.

"ఇది సుడిలోకి పోలేదమ్మా. మోకాలి లోతులోనే ఉంది," అన్నాడు సైదులు. నిజాయితీ మరిగిన మనిషితో ఇదే చిక్కు. నా గాజుపెట్టె గాలికి పోయింది. "సుడిలోకి పోయింది వేరే తెడ్డు. అప్పుడు నేనే..."

"మొదలుపెట్టాడు!" వెనక నుంచి మంచినీళ్ల చెంబుతో వచ్చిన గురవమ్మ అందుకుంది. "నీళ్లు తాగండమ్మా. ఈయన మాటలు మాత్రం తాగబాకండి."

సైదులు నన్ను పుట్టికి ఆనించి పక్కకి జరిగాడు.

అంతలో వచ్చినవాళ్లంతా ఒడ్డున వరసగా వంగారు. ఎడమచెయ్యి నీళ్లలో ముంచి, ఎడమ చెవి వెనక తడి రాసుకుని, అవే వేళ్లతో పుట్టి అంచు మీద మెల్లగా తట్టారు. చెంబు పట్టుకున్న గురవమ్మ అలాగే ఆగిపోయింది.

"ఏందమ్మా అది? మీకెవరు నేర్పారు?"

"ధనుంజయ్, పెద్దమ్మా. పుట్టి ఎక్కేముందు చేస్తాడు," అన్నారు హైమవతిగారు.

"నన్ను మోకాలి ఆపరేషనుకి తీసుకెళ్తుంటే, గ్లాసుతో నీళ్లడిగి మరీ రాసుకున్నాను," అన్నారు పంతులుగారు. "మహానటుడండీ. ఎక్కడ పట్టాడో ఆ అలవాటు!"

"ఏదీ, చూపియ్యి."

ఫోనులో ధనుంజయ్ టోపీ, ధనుంజయ్ చొక్కా, వీపు కనబడ్డాయి. గురవమ్మ ముఖం కోసం వెతకలేదు. చెయ్యి చూసింది.

"ఇది మా అత్త నేర్పింది," అంది. "గంగమ్మ పిలిస్తే వినపడాలని చెవికి తడి. మా ఇంట్లోవాళ్లకి తప్ప ఎవురికీ చెప్పలా ఆమె."

హైమవతిగారు సైదులు వైపు తిరిగారు. "అయితే మేం ఇన్నాళ్లూ చూసింది మిమ్మల్నా?"

"టోపీ వాళ్లదేనమ్మా," అన్నాడు సైదులు.

పంతులుగారి ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. కొలుచుకున్న దేవుడు పోయాడు కదా. వెంటనే తేరుకుని సైదులుకి దణ్ణం పెట్టారు. గురవమ్మ ఇదేమీ చూడలేదు. ఫోనులో బొమ్మ కదులుతూనే ఉంది. తెడ్డు విరిగింది. పుట్టి గిర్రున తిరిగి నురగలో మునిగింది. అప్పుడు కరెంటు పోయి చూడలేకపోయినదంతా ఇప్పుడు చూస్తోంది.

"అప్పుడు పెద్దపిల్ల నా కడుపులో ఉంది గదా?"

"ఉంది," అన్నాడు సైదులు.

"నన్ను అట్టా పెట్టి ఈ సుడిలోకి పోయినావా? రాకపోతే?"

"వచ్చా గదే."

"వచ్చాడంట! సిగ్గులేకుండా ఎట్టా చెప్తన్నాడో చూడండమ్మా!"

"అయితే నమ్మావా?"

"నమ్మబట్టే గదయ్యా వణుకు పుడతంది!"

అని నన్ను లాక్కుని ఆయన వీపు మీద ఒక్కటి వేసింది. ఆ చప్పుడు ఆవలి గుట్టకి తగిలి తిరిగొచ్చింది. అభిమానులు చప్పట్లు కొట్టారు. సుడిని ఓడించకపోయినా, సుడిని ఓడించినవాణ్ణి ఓడించాను.

ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు గనక చెబుతున్నాను. ఇందులో ఆ దెబ్బ ఒక్కటి నా కల్పన. ఆమె నన్ను ముట్టుకోనే లేదు. చెంబు కింద పెట్టి ఆయన చెయ్యి పట్టుకుంది. మా రేవులో నలుగురి ముందు మొగుడి చెయ్యి పట్టుకున్న ఆడది లేదు. రేపు ఊరంతా ఆటపట్టిస్తుందని, ఆమె పరువు కోసం దెబ్బ కొట్టించాను. బస్సు వెళ్లి దుమ్ము అణిగేదాకా ఆమె ఆ చెయ్యి వదల్లేదు.