స్టోరేజికి ఒకటే దారి

"వాసవీ, ముగ్గు నువ్వే ఎయ్యాల. మాకు సేత కాదు," అన్నారు పాఢి బాబు.

విశ్వకర్మ పూజ రోజు. బరంపురంలో ఆ రోజు లారీ నుంచి కుట్టుమిషను దాకా ప్రతి యంత్రానికీ బొట్టు, దండ, విశ్రాంతి. మా ఆసుపత్రి సర్వర్లకు విశ్రాంతి కుదరదు కాబట్టి బొట్టూ దండా మాత్రమే. ఆ సర్వర్లు నడిపే ఇంజినీరుని నేను. పాఢి బాబు మా ఐటీ విభాగం పెద్ద. ఆయన పూజ చేస్తారు, నేను ముగ్గు వేస్తాను. ఎవరు నిర్ణయించారో తెలీదు. పొద్దున ఇంట్లో మా ఆయన స్కూటరుకీ నేనే బొట్టు పెట్టి వచ్చాను.

సర్వర్ రూము గడప దగ్గర కూర్చుని చుక్కలు పెడుతుంటే అత్తయ్య ఫోను. "ఏటే, జీలకర్ర ఎక్కడెట్టేవు?" నేను పుట్టకముందు నుంచీ అది ఆవిడ వంటిల్లే. ఏ అరలో, ఏ డబ్బా వెనక ఉందో చెబుతున్నాను. లోపల పాఢి బాబు తడిగుడ్డతో యంత్రాలు తుడుస్తున్నారు.

పూజయ్యింది. అందరికీ ప్రసాదం పెడుతుండగా రిసెప్షన్‌లో కంప్యూటర్లు బిగుసుకుపోయాయి. తర్వాత వార్డుల్లో. తర్వాత ఆపరేషన్ థియేటర్ నుంచి నర్సు పరుగెత్తుకొచ్చింది. చికిటి దగ్గర బస్సు గుద్దిన మనిషి బల్ల మీదున్నాడు, తల స్కాన్ తెర మీదకి రావడం లేదు, డాక్టరు కత్తి పట్టుకుని ఆగిపోయాడు.

ప్రసాదం చేతులతోనే లోపలికి పరుగెత్తాను. మూడు సర్వర్లూ పచ్చగా వెలుగుతున్నాయి. ఏ జబ్బూ లేదు. కానీ ఏమడిగినా జవాబు లేదు. స్టోరేజి పోయిందా? రోగుల వివరాలు, స్కాన్లు అన్నీ ఉండేది ఆ ఒక్క పెట్టెలోనే. చూస్తే అదీ వెలుగుతోంది. అన్నీ బతికే ఉన్నాయి, ఒకదానికొకటి కనబడటం లేదు.

బంతిపూల దండ పక్కకి జరిపాను. సర్వర్లను స్టోరేజికి కలిపే చిన్న నెట్‌వర్క్ స్విచ్ నల్లగా, చల్లగా ఉంది. దాని నుదుట కుంకుమ బొట్టు. తుడవడానికి దాని ప్లగ్గు పీకి, అక్కడ సీరియల్ లైట్ల ప్లగ్గు పెట్టారు. సర్వర్లు తమ మెమరీలో ఉన్నదానితో కాసేపు నెట్టుకొచ్చి, అప్పుడు ఆగాయి. ర్యాక్ చుట్టూ ఎరుపు, ఆకుపచ్చ లైట్లు తమాషాగా వెలిగి ఆరుతున్నాయి.

లైట్లు పీకేసి స్విచ్ తగిలించాను. సర్వర్లను ఒక్కొక్కటిగా లేపాను. స్కాన్ కనబడిందని నర్సు వచ్చి చెప్పింది. మనిషి దక్కాడు.

డైరెక్టరు జానకీరామయ్య గారు మా ఇద్దరినీ పిలిపించారు. మెట్ల దగ్గర పాఢి బాబు నన్ను ఆపారు. ముగ్గేస్తుంటే నా కాలు తగిలి ప్లగ్గు ఊడిందని చెప్పాలట. "ఆడమనిసివి, నిన్నేటీ అనరు. నేనైతే ఉజ్జోగం పోద్ది," అన్నారు. ఛత్రపూర్ ఆఫీసులో ఉన్న మా ఆయన మోహనకృష్ణకి ఫోన్ చేశాను. ఆయన నవ్వారు. "ఒప్పేసుకో. ఇంటికాడ తప్పు నీది కాపోయినా ఒప్పుకోవేటి?"

మెట్ల మీద నిలబడిపోయాను. నిజంగా నా తప్పు కాదా? ప్లగ్గు పీకేటప్పుడు నేను అక్కడే ఉన్నాను, జీలకర్ర గురించి మాట్లాడుతూ. స్టోరేజికి దారి ఒకటే ఉందని, రెండో స్విచ్, రెండో వరస కేబుళ్లు కావాలని అడుగుతూనే ఉన్నాను, నడుస్తోంది కదా అని పైవాళ్లు అంటూనే ఉన్నారు. నడుస్తోంది, ఎందుకంటే కేబులు వదులైనప్పుడు ఎవరికీ తెలియకముందే బిగించాను, వేడెక్కినప్పుడు ఫ్యాను తెచ్చి పెట్టాను. ఇంత బాగా నడపకపోయి ఉంటే కొనేవాళ్లేమో. అత్తయ్యకి జ్వరమొచ్చినా, మా ఆయన చొక్కాకి గుండీ ఊడినా ఆ ఇల్లు ఒక్క పూటా ఆగలేదు. ఆగనివ్వకపోవడమే నా మంచితనం అనుకున్నాను. అదే తప్పా? అయితే ఇప్పుడు ఒప్పుకోవలసింది ఏది? ఏమీ తేలలేదు. తలుపు తీసుకుని లోపలికి వెళ్లాను.

"ఏటమ్మా, ప్లగ్గు ఎవరు తీసేరు?" అన్నారు డైరెక్టరు గారు.

పాఢి బాబు నా వైపే చూస్తున్నారు.

"పాఢి బాబు తీశారండి," అన్నాను. "నేను ముగ్గేస్తున్నాను. కాని రెండో దారుంటే ఈ మెషిన్లు ఆగేవి కావు. అది అడిగినా కొనలేదు."

ఆయన పాఢి బాబును బయట కూర్చోమన్నారు. రెండో స్విచ్ వెంటనే తెప్పిస్తానన్నారు. "అప్పటిదాకా నువ్వున్నావు కదా, సూసుకో."

"చూసుకుంటానండి. అది పెట్టాక నాకు వారం సెలవు కావాలి."

"ఇంట్లో ఎవరికన్నా బాగోలేదా?"

"అందరూ బాగానే ఉన్నారండి."

"మరి ఎక్కడికెల్తావు?"

నాకూ తెలీదు. వెళ్లడానికి ఒక ఊరి పేరైనా తట్టలేదు.

"ఇంకా అనుకోలేదండి," అన్నాను. "ఫోను మాత్రం ఇంట్లోనే వదిలేసి వెళతాను."