గీత పడుకుంటే చాలదు

సోమవారం మధ్యాహ్నానికి కూడా అరబా క్వాన్సా పొయ్యి కుదురుకోలేదు. ఇటుకల పొయ్యి కాదు, కంప్యూటర్లో పొయ్యి. చేపలు పొగబెట్టే కొత్త రకం పొయ్యి బొమ్మ గీసి, దాన్ని మూడు లక్షల గళ్ళుగా కోసి, ఒక్కో గడిలో పొగ ఎటు పోతుందో, వేడి ఎంతో లెక్క కట్టమని యంత్రానికి అప్పజెప్పింది. యంత్రం ఒక జవాబు ఊహించుకుంటుంది, దిద్దుకుంటుంది, మళ్ళీ దిద్దుకుంటుంది. దిద్దుబాటు తగ్గేకొద్దీ తెర మీద గీత కిందికి దిగాలి. అప్పుడే లెక్క కుదిరినట్టు. ఆమె గీత మాత్రం నాలుగు రోజులుగా రంపంలా పళ్ళు చూపిస్తోంది.

"ఏం అక్కా, పొయ్యి ఇంకా అలిగే ఉందా?" అన్నాడు పక్క బల్ల యూఫి, కెంకే అనే మొక్కజొన్న ముద్ద పొట్లం విప్పుతూ. "నువ్వు మంగళవారం పుట్టినదానివి కదా. నీ లెక్కలకి కూడా మంగళవారం సెలవేమో."

"ఇవాళ సోమవారం. ముద్ద నోట్లో పెట్టుకుని మూసుకో."

వెటకారం మాట ఎలా ఉన్నా, ఆమె గుబులంతా మంగళవారం గురించే. ఆ తీరంలో మంగళవారం ఎవరూ వేటకి పోరు. ఆ రోజు సముద్రానిది. చేప రాదు, పొయ్యి వెలగదు. అందుకే మోరీ రేవులో చేపలు పొగబెట్టే ఆడవాళ్ళు రేపు ముప్పై రెండు పాత పొయ్యిలూ పగలగొట్టి, అరబా గీసినవి కట్టుకుందామనుకున్నారు. ఆమె బాగుందని చెబితేనే. అది తప్పయితే ముప్పై రెండు కుటుంబాల కూడు పోయినట్టే.

శాఖ పెద్ద డాక్టర్ అమిస్సా వచ్చి ఆమె భుజం మీంచి తొంగిచూశాడు.

"దీనికింత ఏడుపెందుకు తల్లీ? పగ్గం బిగించు."

యంత్రం దిద్దుకున్నప్పుడల్లా ఆ దిద్దుబాటులో ఎంత ఒప్పుకోవాలో చెప్పే అంకె ఒకటుంది. అదే పగ్గం. ఆయనే వంగి దాన్ని ఇంచుమించు సున్నా దాకా బిగించాడు. పది నిమిషాల్లో గీత చాపలా పడుకుంది.

"చూశావా? ఇరవై ఐదేళ్ళ అనుభవం. నేను మోరీకి ఫోన్ చేసి చెప్పేస్తా," అని భోజనానికి వెళ్ళిపోయాడు.

పెద్దలకి ఎక్కడైనా తెలిసిన వైద్యం ఇదొక్కటే. అరిచేవాడి నోరు కట్టేసి, రోగం కుదిరిందని కాగితం మీద రాసెయ్యడం.

"లంగరేసిన పడవ కదలట్లేదు కాబట్టి రేవు చేరిపోయామంటాడు," అన్నాడు యూఫి.

అరబా నవ్వలేదు. లోపలికి పోయే పొగనీ బయటికొచ్చే పొగనీ తూచి చూసింది. పది పాళ్ళు పోతే ఆరే వస్తున్నాయి.

"నాలుగు పాళ్ళు ఏమయ్యాయి?"

"డాక్టరుగారు భోంచేసుంటారు. ఆ పొట్ట ఊరికే వచ్చిందా?"

ఈసారి నవ్వొచ్చింది. నవ్వుతూనే చేపలు పరిచే పై జల్లెడ దగ్గర గాలి ఎటు పోతోందో చూపే బాణాలు తెర మీద తెరిచి చూసింది. కొన్ని పైకి పోకుండా కిందికి తిరిగి ఉన్నాయి. లోకం అక్కడితో అయిపోయినట్టు, గీసినప్పుడే ఆమె బొమ్మని పై జల్లెడ అంచునే కోసేసింది. ఆ కోతలోంచి బయటి గాలి లోపలికి దిగుతోంది. ఎక్కణ్ణుంచి వచ్చే గాలో, ఎంత చల్లగా ఉంటుందో చెప్పకపోతే యంత్రం మాత్రం ఏం చేస్తుంది? ప్రతి చుట్టులోనూ "గాలి వెనక్కొస్తోంది" అని చిన్నక్షరాల్లో మొత్తుకుంటూనే ఉంది.

"నాలుగు రోజుల్నుంచి చెప్తుంటే చదవలేదా అక్కా?"

"ఎర్రక్షరాలు కావు కదా!"

"మా అమ్మ కూడా నాకు ఎర్రక్షరాల్లో చెప్పదు. అయినా వినాల్సిందే."

పొయ్యి చుట్టూ, పైనా రెండు నిలువుల ఖాళీ గాలి చేర్చింది. పగ్గం మళ్ళీ వదిలేసింది. సాయంత్రానికి గీత మెట్టుమెట్టుగా తనంతట తనే దిగింది. పది పోయింది, పది వచ్చింది. లెక్క కుదిరింది. కుదిరి, వెనక మూల చల్లగా ఉంటుందని తేల్చింది. అక్కడ పెట్టిన చేప ఆరదు, మూడోరోజుకి పురుగు పడుతుంది.

యూఫి మోరీకి ఫోన్ కలిపాడు, ఎవరూ ఎత్తలేదు.

మంగళవారం పొద్దున్నే ట్రోట్రో బండి దిగి అరబా పరుగెత్తేసరికి, సుత్తులూ గునపాలూ సిద్ధంగా ఉన్నాయి. ఆడవాళ్ళ పెద్ద కూకువా తన పొయ్యి మూతి అప్పటికే ఊడగొట్టేసింది.

"ఆపండి! కొత్త పొయ్యి వెనక మూల కాలదు. తప్పు నాదే."

అందరూ ఆగిపోయారు.

"ఏమే, నాలుగు నెలలు టేపు పట్టుకుని మా కాళ్ళకి అడ్డం తిరిగి, ఇప్పుడా చెప్పడం?" అంది కూకువా. "డాక్టరుగారు నిన్న ఫోన్ చేసి బ్రహ్మాండంగా ఉందన్నాడే!"

"ఆయన గీత చూశారు పెద్దమ్మా. పొయ్యి చూడలేదు."

"ఆ మూల చేప ఆయన తింటాడా మరి?"

నవ్వులు లేచాయి. కూకువా సుత్తి కింద పడేసి గొంతెత్తింది. "విన్నారటే! చదువుకున్నది తప్పు నాదేనంటోంది. వలలు బాగుచేసుకునే మగాళ్ళని కూడా పిలవండి, ఈ వింత మళ్ళీ దొరకదు!"

నవ్వులు తగ్గేసరికి కూకువా తన పొయ్యి వైపు తిరిగింది.

"మిగతా ముప్పై ఒకటీ ముట్టుకోకండి," అంది కూకువా. "నాదెలాగూ మూతి పోయింది. నాదొక్కటే కట్టు. ఆ మూలకేం చెయ్యాలి?"

"గోడలో కిందగా బెత్తెడు సందు వదిలితే వేడి అటు లాగుతుందనుకుంటా. అనుకుంటానంతే. ఇంకా లెక్క కట్టలేదు."

"అనుకో, పర్లేదు. నా కవళ్ళ చేపలు ఒక నెల దాని మీదే కాలుస్తా. ఆ మూల చేప మాత్రం రోజూ నువ్వే తినాలి, నా ఎదురుగా కూచుని. ఆ బూట్లు తీసెయ్, ముందు మట్టి తొక్కు."

అరబా బూట్లు విప్పి చల్లటి మట్టిలోకి దిగింది. సంచీలో ఫోన్ మోగింది. ఎవరో తీసి డాక్టర్ అమిస్సా అని చదివారు.

"మోగనీ," అంది కూకువా. "నువ్వు తొక్కు."